టీ తాగేలోగా వస్తుంది

మొన్న మధ్యాహ్నం మా వరండాలో ఫోను చేతిలో పట్టుకుని నిలబడి ఉండగా ఒక ఈమెయిలు వచ్చింది.

"నమస్కారమండీ. కూర్చోండి. టీ తాగేలోగా వస్తుంది. మీ ఊరి ఫోటోలు నేనే స్వయంగా వెతికి పంపుతాను."

కింద ఆయన పేరు. ఆయన పోయి ఏడాది దాటింది. ఆయన మీద మట్టి వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

ఆ జవాబు ఎలా వచ్చిందో నాకు తెలియక కాదు. ఎవరైనా తమ ఊరిపేరు రాసి పంపితే ఆ ఊరి ఫోటోలు దానంతటదే పంపించే ఏర్పాటు మేమిద్దరం కూర్చుని చేసిందే. ఆయన చెబుతుంటే ఆ మాటలు టైపు చేసింది నేనే. అన్నీ తెలిసి కూడా "కూర్చోండి" అన్న మాట చదవగానే కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నా ఎదురుగా చాప మీద ఒకామె కూర్చుని నా మొహంలోకి చూస్తోంది. ఆమె సంగతి తరువాత చెబుతాను. ముందు ఆయన సంగతి చెప్పాలి.

ఆయన పేరు రాయను. రాసినా ఎవరికీ తెలియదు. పటమటలో అందరికీ ఆయన స్టూడియో సాయిబుగారు. మెట్లెక్కి వెళ్ళవలసిన మేడ మీది గది, గోడకి ఆకాశం బొమ్మ వేసిన పరదా, ఒక మూల చెక్క గుర్రం. ఆ గుర్రం మీద కూర్చుని ఏడవని పిల్లవాడు ఆ పేటలో లేడు. నేను తపాలా శాఖలో ఉత్తరాలు ఊళ్ళవారీగా విడగొట్టే పనిలో రిటైరయ్యాను. సార్టరునని ఎన్నిసార్లు చెప్పినా ఆయన నన్ను "పోస్టుమాస్టారూ" అనే పిలిచేవారు.

"నేను పోస్టుమాస్టర్ని కాదండీ."

"ప్రమోషన్ నేనిచ్చాను. జీతం మాత్రం అడక్కండి."

ఆయన దగ్గరికి నేను మొదటిసారి వెళ్ళింది పెన్షను కాగితాల మీద అంటించే ఫోటో కోసం. నేను కాలరు సర్దుకుని, మొహం బిగించుకుని కూర్చున్నాను. ఆయన కెమెరా వెనక నుంచి లేచి వచ్చి, నా గడ్డాన్ని ముట్టుకోకుండా, గడ్డానికి అంగుళం కింద వేలు పెట్టి గాలిలోనే పైకెత్తారు. ఆ వేలితో పాటు నా తల లేచింది.

"ఆ. అక్కడే. ఇప్పుడు ఊపిరి పీల్చండి. ఇంకొంచెం. ఇక వదలండి."

నేను ఊపిరి వదులుతుండగా ఫ్లాషు వెలిగింది. నవ్వండి అనడం ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. "నవ్వమంటే జనం పళ్ళు చూపిస్తారు. ఊపిరి వదిలితే మనిషి బయటికొస్తాడు" అనేవారు. ఆ ఫోటో ఇప్పటికీ నా పెన్షను పుస్తకంలో ఉంది. అందులో నేను అప్పుడే బరువు దింపుకున్న కూలీలా కనిపిస్తాను. ఇంట్లోవాళ్ళకు నచ్చలేదు. నాకు నచ్చింది.

కడిగిన ఫోటోల కోసం ఎవరు మెట్లెక్కినా ఆయన మొదటి మాట "కూర్చోండి". రెండో మాట "టీ తాగేలోగా వస్తుంది". ఫోటో సిద్ధంగా ఉన్నా అంతే, ఇంకా కడగకపోయినా అంతే. కిటికీలోంచి తల బయటపెట్టి కింద టీ బడ్డీకి వేళ్ళు చూపించేవారు. కడగని రోజున టీ రెండుసార్లు వచ్చేది. ఎవరైనా విసుక్కుంటే, "అబద్ధం చెప్పానా అండీ? మీరింకా తాగుతూనే ఉన్నారుగా" అనేవారు.

పెళ్ళిళ్ళలో ఆయన్ని చూడాలి. పామర్రు దగ్గర మా చుట్టాలమ్మాయి పెళ్ళికి వెళితే ఆయనే ఫోటోగ్రాఫరు. తెల్ల చొక్కా, చెవి వెనక అత్తరు దూది, మెడలో రెండు కెమెరాలు. పెళ్ళి తంతు అంతా ఆయనకు కంఠతా వచ్చు. జీలకర్ర బెల్లం పెట్టే చేతులు ఏ వైపు నుంచి వస్తాయో, అడ్డుతెర ఎప్పుడు దించుతారో పెళ్ళికొడుకు కంటే ఆయనకే బాగా తెలుసు. తాళి కట్టే సమయానికి పెళ్ళికూతురి మేనత్త అడ్డం వచ్చింది. ఫోటో పోయింది. ఆయన కెమెరా దించి, చాలా మర్యాదగా, "పంతులుగారూ, ఆ మూడో ముడి ఒక్కటి మళ్ళీ వేయిస్తారా?" అన్నారు.

పురోహితుడు మంత్రం ఆపి చూశాడు. "మూడో ముడి మళ్ళీ వేస్తే నాలుగో ముడి అవుతుందయ్యా సాయిబూ!"

"అయితే ఏమవుతుందండీ?"

"ఏమవుతుందో ఏ శాస్త్రంలోనూ లేదు. నన్ను తెలుసుకోమంటావా?"

పందిరంతా నవ్వింది. ఆ నవ్వులో పెళ్ళికూతురు తల వంచుకుని ఊపిరి వదిలింది. ఆయన కెమెరా అప్పటికే కంటి దగ్గర ఉంది. ఆ ఇంట్లో ఇప్పటికీ హాల్లో గోడ మీద ఉన్నది ఆ ఫోటోయే. తరువాత నేను అడిగాను, కావాలనే అన్నారా అని. ఆయన కళ్ళద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకుంటూ, "మేనత్త అడ్డం రావడం మాత్రం నిజం" అన్నారు. ఏ పెళ్ళికి వెళ్ళినా చివరి బంతిలో వంటవాళ్ళతో, మేళగాళ్ళతో కలిసి భోంచేసి, చీకటి పడకముందే బస్సెక్కి విజయవాడ వచ్చేవారు.

ఆయన దగ్గర ఇంకో అలవాటుండేది. పాత ఫోటో కావాలని ఎవరైనా ఆడమనిషి వస్తే, టీ చెప్పిన తరువాత అడిగే మొదటి ప్రశ్న:

"ఏ ఊరు తల్లీ?"

ఆమె ఏదో ఊరు చెబుతుంది.

"అది మెట్టినూరు. పుట్టినూరు చెప్పు."

ఈ ప్రశ్న వినడానికే నేను అక్కడ కూర్చునేవాణ్ణేమో. యాభై ఏళ్ళు దాటిన ఆడవాళ్ళు కూడా ఆ మాటకి ఒక్క క్షణం ఆగేవారు. కొందరు నవ్వేవారు. ఒకామె మాత్రం, "ఆ ఊరి పేరు నన్నడిగి ఎన్నాళ్ళయిందో అన్నా" అని కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఈ ప్రశ్నకి కారణం మామూలుదే. పెళ్ళికి ఆయన్ని పిలిచేది దాదాపుగా ఆడపెళ్ళివారే. కాబట్టి నెగటివులు పెళ్ళికూతురి ఊరిపేరు మీద డబ్బాల్లో పెట్టుకునేవారు. కానీ మన దగ్గర ఆడపిల్ల పెళ్ళయిన మర్నాటి నుంచీ "మా ఊరు" అంటే అత్తగారి ఊరే. ఆ రెండు ఊళ్ళకూ మధ్య ఉన్న దారి ఆయన ఒక్క ప్రశ్నతో దాటేవారు.

సెల్‌ఫోన్లు వచ్చాక స్టూడియో మూతపడింది. గది కింద దుకాణంవాడు ఫోన్ల కవర్లు అమ్ముకుంటున్నాడు. చెక్క గుర్రాన్ని ఎవరో బొమ్మల కొలువుకని తీసుకుపోయారు. ఆయన మాత్రం ఖాళీగా లేరు. డెల్టా తేమకి నెగటివులు ఒకదానికొకటి అంటుకుపోయి పులిసిన వాసన వేస్తుంటే, ఒక పాత కంప్యూటరు, స్కానరు కొని, ఒక్కొక్కటే ఎక్కించుకుంటూ కొన్నేళ్ళు గడిపారు. ఎక్కించినవన్నీ ఇంటర్నెట్టులో దాచుకున్నారు. పాడైపోయిన ఆ నెగటివులన్నీ పారేశారు. కొన్నాళ్ళకు ఒక ఎండాకాలం ఆ కంప్యూటరూ పోయింది. నేను కంగారుపడ్డాను.

"ఎందుకు మాస్టారూ గాభరా? అన్నీ పైన ఉన్నాయిగా. ఇల్లు మునిగినా మునగని చోటు" అన్నారు.

తరువాత నిజంగానే ఇళ్ళు మునిగాయి. బుడమేరు నీళ్ళు వచ్చినప్పుడు మా వీధి తప్పించుకుంది కానీ ఊళ్ళో సగం ఇళ్ళల్లో మంచాల మీదికి వచ్చాయి. నీళ్ళు తీశాక జనం వీధుల్లో పరుపులూ బీరువాలూ ఆరబెట్టుకున్నారు. ఆల్బములు ఆరలేదు. అప్పటి నుంచి ఆయనకి ఫోన్లు మొదలయ్యాయి. మా అమ్మ ఫోటో, మా అన్న పెళ్ళి, చనిపోయిన మా పాప మొదటి పుట్టినరోజు.

సరిగ్గా అప్పుడే ఆయన కళ్ళు పోతున్నాయి. చీకటి కాదు, మసకా కాదు. చూపు మధ్యలో మాత్రం ఒక మచ్చ. "చిత్రం చూశారా? మీ చొక్కా గుండీలు కనబడుతున్నాయి. మీ వెనక గోడ మీద బల్లి కనబడుతోంది. మీ మొహమొక్కటే లేదు" అన్నారు నాతో. కళ్ళ డాక్టరు ఇది వయసుతో వచ్చేది, ఇక తగ్గదు అన్నాడట. ఆ మాట చెప్పేటప్పుడు ఆయన తల కొంచెం పక్కకి తిప్పి, కంటి అంచుతో నన్ను వెతుక్కుంటున్నారు.  ఆ రోజు నా డైరీలో చూస్తే "సాయంత్రం సాయిబుగారింట్లో. టీ. ఉక్క" అని ఉంది, అంతే. అన్నేళ్ళు రాసిన డైరీలు ఆయన విషయంలో నాకేమీ ఉపయోగపడలేదు.

ఫోన్లలో అడిగినవాళ్ళకి పంపడం ఆయన వల్ల కావడం లేదు. కూతురు గుణదలలో టీచరు. ఆదివారం వచ్చి చేసి పెట్టేది. వారమంతా జనం ఆగరు. అప్పుడు ఆవిడే చెప్పింది, ఈమెయిలులో అలాంటి ఏర్పాటు ఉందని. ఉత్తరం పైన ఫలానా మాట ఉంటే ఫలానా జవాబు దానంతటదే వెళుతుంది. ఆ జవాబులో ఫోటోలు తెరుచుకునే దారి పెట్టవచ్చు. నాకు వెంటనే అర్థమైంది. నేను జీవితమంతా చేసిందే అది. ఊరిపేరు చూడటం, ఆ ఊరి గడిలో వేయడం.

రోజూ మధ్యాహ్నం వెళ్ళి ఆయన కూతురిచ్చిన లాప్‌టాపు ముందు కూర్చునేవాణ్ణి; పాస్‌వర్డు మాత్రం ప్రతిసారీ ఆయనే కొట్టేవారు. ఒక్కో ఊరికి ఒక్కో గడి. ఒకే పేరుతో రెండు పాలేలున్నాయి, మూడు లంకలున్నాయి. పక్కన మండలం పేరు చేర్చాం. పిల్లలు ఇంగ్లీషులో రాస్తారు, ఒక్కో ఊరిని నాలుగు రకాలుగా రాస్తారు. అవన్నీ చేర్చాం. అంతా అయ్యాక, జవాబులో ఏం రాయాలి అని అడిగాను. "మీరు అడిగిన ఫైలు జతపరచడమైనది" అని నేనే ఒక వాక్యం తయారుచేసి చదివాను.

"అదేంటండీ, కరెంటాఫీసు నోటీసులా ఉంది! ఇంటికొచ్చిన మనిషిని నిలబెట్టి మాట్లాడతామా? రాయండి. నమస్కారమండీ. కూర్చోండి."

"ఈమెయిల్లో కూర్చోమంటే ఎక్కడ కూర్చుంటారండీ?"

"వాళ్ళ కుర్చీలో వాళ్ళు కూర్చుంటారు. మనకెందుకు? రాయండి. టీ తాగేలోగా వస్తుంది."

"అప్పటికే వచ్చేసి ఉంటుంది కదా."

"అయినా సరే."

రాశాను. కింద నీలంరంగులో ఉన్నదాన్ని నొక్కితే మీ ఊరి ఫోటోలు తెరుచుకుంటాయని రాశాను. ఆడవాళ్ళు పుట్టినూరు రాయాలన్న మాట చేర్చుదామని నేనన్నాను. ఆయన ఒప్పుకోలేదు. "అది రాసే మాట కాదు మాస్టారూ, అడిగే మాట. కాయితం మీద రాస్తే, ఏందిరా వీడు, మా అత్తోరి ఊరు మాది కాదంటాడా అనుకుంటారు. దొరకనోళ్ళు మళ్ళీ రాస్తారుగా. అప్పుడు ఫోన్ చేసి నేనడుగుతా." చివర ఒక వాక్యం మాత్రం తనే చేర్పించారు: "మీవి కాని ఫోటోలు కూడా ఉంటాయి, చూసి వాళ్ళనీ తలుచుకోండి."

మొదటివారం గమ్మత్తయింది. అవనిగడ్డ వైపు నుంచి ఒక రిటైర్డు హెడ్మాస్టరు ఫోటోలు అందగానే "టీ తాగినట్టే ఉందండీ, ధన్యవాదాలు" అని జవాబు రాశాడు. ఆ ఉత్తరం మీద కూడా ఊరిపేరు ఉంది కదా. వెంటనే మళ్ళీ వెళ్ళింది: నమస్కారమండీ, కూర్చోండి, టీ తాగేలోగా వస్తుంది. ఆయన మర్యాదస్తుడు. "మళ్ళీ పంపారు, శ్రమ తీసుకున్నారు" అని రాశాడు. మళ్ళీ టీ. సాయంత్రానికి "సాయిబుగారూ, ఇంక టీ వద్దండీ, కడుపు ఉబ్బరంగా ఉంది" అని వచ్చింది. నేను చదివి వినిపిస్తే సాయిబుగారు కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వారు. దీన్ని ఆపే ఉపాయం చూస్తానన్నాను.

"ఉండనివ్వండి. ఇంటికొచ్చినోడు గుమ్మం దాకా పోయి మళ్ళీ తిరిగొస్తే టీ ఇవ్వమా?"

అంతా బాగానే ఉందనుకుంటుండగా ఒకరోజు కొత్త గడి చేయబోతే ఇంకొక్కదానికే చోటుందని చూపించింది. అలాంటి జవాబులు యాభైకి మించి దాచుకోనివ్వరట. నలభై తొమ్మిది అయిపోయాయి. మాకింకా ఊళ్ళు మిగిలి ఉన్నాయి. ఎక్కువగా కొల్లేటి ఊళ్ళు. చేపలు పట్టుకునేవాళ్ళ చిన్న చిన్న ఊళ్ళు, ఒక్కోదానికి రెండు మూడు పెళ్ళిళ్ళు. అన్నీ కలిపి ఒక్క గడిలో వేద్దామన్నాను. ఆయన వేళ్ళతో బల్ల అంచు తడుముతున్నారు.

"వద్దు. ఆ ఒక్కటీ ఏ గడికీ అందనోళ్ళ కోసం ఉంచుదాం. పేరు తప్పు రాసినోళ్ళు, ఊరు మారినోళ్ళు, అందరూ. వాళ్ళకి, నేనే స్వయంగా వెతికి పంపుతా అని రాయండి."

"మరి కొల్లేటివాళ్ళు?"

"వాళ్ళు ఈమెయిల్ ఎక్కడ రాస్తారండీ? మనుషులుగా వస్తారు. వచ్చినోళ్ళకి నేనున్నాగా."

అలా యాభయ్యో జవాబు తయారైంది.

ఆ తరువాత కొన్ని నెలలు ఆ యాభయ్యో జవాబు వెళ్ళిన ప్రతివాళ్ళకీ ఆయన నిజంగానే వెతికి పంపారు. కూతురు ఆదివారం ఆ ఉత్తరాలు చదివేది. ఆయన మంచం మీద కూర్చుని కళ్ళు మూసుకుని, "ఆ పెళ్ళి వానలో జరిగింది, పందిరి మీద నీలం పట్టా ఉంటుంది, చూడు" అనేవారు. ఆవిడ వెతికితే నీలం పట్టా ఉండేది. మొహాలు కనబడని మనిషికి అన్ని మొహాలూ ఎలా గుర్తున్నాయో నాకు అర్థమయ్యేది కాదు. ఒక శుక్రవారం నమాజుకి వెళ్ళి వచ్చి, చెప్పులు విప్పుతూ గుమ్మంలోనే కూలిపోయారు. ఆస్పత్రిదాకా కూడా వెళ్ళలేదు.

ఇక మొన్నటి సంగతి.

ఆమె పేరు నాంచారమ్మ. బెంజ్ సర్కిల్ దాటాక రోడ్డువార తట్టలో చేపలు పెట్టుకుని అమ్ముతుంది. ఫోటోలు కావలసినవాళ్ళు ఏ ఈమెయిలుకి రాయాలో చెబుతూ సాయిబుగారి పాత షట్టరు మీద మేము అంటించిన కాగితం ఇంకా ఉంది. అక్కడి ఫోన్ల కవర్ల దుకాణంవాడు ఆమెను నా దగ్గరికి పంపాడు. తట్ట బయట గోడవార పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని వరండాలోకి వచ్చింది. కుర్చీ చూపిస్తే వద్దని చాప మీద కూర్చుంది.

"మా కోడలు ఫోన్లోంచి రాయించానండి. ముందు ఒకసారి, మొన్నొకసారి. రాసినప్పుడల్లా సాయిబుగారు మర్యాదగా కూర్చోమంటన్నారు, టీ తాగమంటన్నారు. ఎవరెవరి పెళ్ళిళ్ళో పంపుతున్నారు. నా పెళ్ళి మాత్రం పంపట్లేదండి. నా మీదేమన్నా కోపమా అండి ఆయనకి?"

ఆయన పోయారని ఆమెకు తెలియదు. చెప్పాను. ఆమె నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"మరి రాసేదెవరండి?"

ఎవరూ కాదని, దానంతటదే వెళుతుందని వివరించాను. ఎంత అర్థమైందో తెలియదు. తలూపి, "పోయినా మాట తప్పలేదన్నమాట" అంది.

ఆమె పెనిమిటి పోయి ఇరవై ఏళ్ళు. పిల్లలు చిన్నవాళ్ళుగా ఉన్నప్పుడే కామెర్లు వచ్చి పోయాడు. ఆ మనిషికి ఉన్న ఫోటోలన్నీ పెళ్ళి ఆల్బములోవే. ఆల్బము వరదలో మునిగింది.

"అట్టలన్నీ అతుక్కుపోయినయ్యండి. విడదీస్తే పోద్దేమోనని విప్పకుండా అట్టాగే దాచిపెట్టా. ఆరితే అదే ఊడొస్తదిలే అనుకున్నా. మొన్న విప్పానండి. రంగు తప్ప ఏమీ రాలా."

"రేషను కార్డు మీద?"

"దాని మీదున్నది గింజంత. అదీ నీళ్ళలోనే పోయింది." చాప అంచు సర్దింది. "కళ్ళు గుర్తున్నయ్యండి. నవ్వితే ఒక పక్కకి పోయేది మూతి, అదీ గుర్తుంది. రెండూ ఒకచోట పెట్టి చూద్దామంటే రావట్లా. మా పెద్దోడి మొహం వచ్చి కూర్చుంటంది. ఇంకొన్నాళ్ళు పోతే ఇక రాడండి ఆయన."

నేను అప్పుడు సాయిబుగారి ప్రశ్న అడిగాను. "మీరు రాసిన ఊరు మెట్టినూరు కదమ్మా. పుట్టినూరు ఏది?"

ఆమె మొహం విప్పారింది. "అదా! మాది కొల్లేట్లో ఊరండి" అని పేరు చెప్పింది.

ఆ పేరు వినగానే, మేము చేసిన నలభై తొమ్మిది గడుల్లో అది లేదని నాకు తెలిసిపోయింది. అయినా నా ఫోన్లోంచి ఆ ఊరిపేరు రాసి పంపాను. ఇందాక మొదట చెప్పిన జవాబు వచ్చింది. నేనే స్వయంగా వెతికి పంపుతాను.

నాంచారమ్మ ఎదుటే సాయిబుగారి కూతురికి ఫోన్ చేశాను. ఆవిడ బడి నుంచి బయటికి వచ్చి మాట్లాడింది.

"అందులోకి వెళ్ళడం నా వల్ల కూడా కాలేదు బాబాయ్. పాస్‌వర్డు మా అబ్బాజాన్ ఎప్పుడూ తనే వేళ్ళతో తడుముకుని కొట్టేవారు, నన్ను చూడనిచ్చేవారు కాదు. మార్చాలంటే ఆయన నంబరుకి ఓటీపీ వెళుతుంది. రీచార్జి చెయ్యక ఆ నంబరు పోయింది. ఇప్పుడది వేరే ఎవరిదో."

"ఆ ఎవరినో అడిగి చూశావా?"

"అడిగాను. మీరూ ఒకసారి అడగండి. పెద్దవారు, మీరు చెబితే వింటాడేమో. నేను ఇప్పుడే పాస్‌వర్డు మార్చమని నొక్కుతా, అతనికి ఓటీపీ వెళుతుంది."

ఆ నంబరు నా ఫోనులో సాయిబుగారి పేరుతోనే ఉంది. నొక్కితే తెర మీద ఆయన పేరు వచ్చింది. అవతల గొంతు మాత్రం వేరేది, నడివయసు మనిషి, వెనక లారీ హారన్లు.

"బాబూ, నేను విజయవాడ నుంచి రిటైర్డు పోస్టల్ ఉద్యోగిని మాట్లాడుతున్నాను. ఇప్పుడు మీ ఫోనుకి ఒక నంబరు వచ్చి ఉంటుంది. అది దయచేసి..."

"ఓటీపీనా?"

"అవును బాబూ. ఈ నంబరు ఇదివరకు మా స్నేహితుడిది. ఆయన పోయారు. ఇక్కడొకావిడకి భర్త ఫోటో..."

"ఆహా! మొన్న ఆడగొంతు, చచ్చిపోయిన తండ్రి. ఇయ్యాళ ముసలి గొంతు, చచ్చిపోయిన స్నేహితుడు. రేపెవరు, ఫోటోలో ఉన్నాయనే చేస్తాడా? ఈ వయసులో ఇదేం పనండీ పెద్దాయనా? పొద్దున లేస్తే టీవీలో, ఫోన్లో, ఓటీపీ ఎవరికీ చెప్పొద్దు అని చెవులు చిల్లులు పడేట్టు చెప్తన్నారు. మా బావమరిది ఇట్టాగే చెప్పి బ్యాంకులో ఉన్నదంతా పోగొట్టుకున్నాడు. ఇంకోసారి చేస్తే సైబర్ పోలీసులకిస్తా నీ నంబరు."

పెట్టేశాడు. నేను రెండోసారి చేయలేదు. అతను అన్నదాంట్లో తప్పేముంది? నా పిల్లలకి నేను రోజూ చెప్పేది అదే.

నాంచారమ్మ అంతా వింది. "తిట్టాడాండి?" అంది.

"తిట్టాడమ్మా."

"పోన్లెండి పాపం. నా మూలాన మాట పడ్డారు."

 ఆమె పెళ్ళి సాయిబుగారి ఖాతాలో ఉందని నాకు తెలుసు. కొల్లేటి ఊళ్ళ పేర్లు ఆయన చెబుతుంటే విన్నాను, ఆ ఊరి పేరూ విన్నాను. ఆమె పెనిమిటి ఒక పక్కకి మూతి పోయేలా నవ్వుతూ, లేదా ఊపిరి వదులుతూ, ఆ మునగని చోట క్షేమంగా ఉన్నాడు. ఆ చోటికి దారి తెలిసిన వేళ్ళు మట్టిలో ఉన్నాయి. కొన్నాళ్ళు ఎవరూ తెరవకపోతే ఆ ఖాతా మొత్తం చెరిపేస్తారని కూడా ఆయన కూతురు చెప్పింది. అది నేను నాంచారమ్మకి చెప్పలేదు.

ఆమె ఫోను వైపు చూస్తూ, "ఇందాక వచ్చిందాంట్లో ఏం రాశారో మళ్ళీ ఒకసారి చదవండి" అంది.

చదివాను. నమస్కారమండీ. కూర్చోండి. టీ తాగేలోగా వస్తుంది. మీ ఊరి ఫోటోలు నేనే స్వయంగా వెతికి పంపుతాను.

"మా కోడలికి వచ్చిందాంట్లో ఈ మాట లేదండి. నేనే వెతికి పంపుతా అని లేదు. ఇది నాకు రాసిందే." అని తెర మీద నుంచి చూపు తిప్పుకుంది. "తెలుసండి, ఆయన లేరని. ఊరికే అన్నా."

మా ఇంట్లోవాళ్ళు అప్పుడే టీ తెచ్చి పెట్టారు. ఆమె గ్లాసు రెండు చేతులతో పట్టుకుంది. బయట తట్టలో చేపల మీద మంచు కరిగి గోడవార నీళ్ళు పారుతున్నాయి. ఎండ మండుతోంది, బేరం పాడవుతుంది, వెళ్ళమ్మా అందామనుకున్నాను. అనలేదు. ఆమె ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టింది. చాలాసేపయ్యాక మళ్ళీ ఒక గుక్క. నేనూ అలాగే తాగాను. అడుగున కాస్త మిగిలి ఉండగా ఆమె గ్లాసు చాప మీద పెట్టి, దాని మీద అరచెయ్యి మూతలా ఉంచి, నా ఫోను వైపు చూస్తూ కూర్చుంది.